తోక ముడిచింది

మా ఊళ్లో అది ఎగతాళి మాట.
బేరంలో వెనక్కి తగ్గినవాణ్ణి అంటారు,
కబడ్డీలో గీత దాటనివాణ్ణి అంటారు.
నేను ఆ మాటను
ఒక ఇనుప కీలుకి వెల్డింగ్ చేశాను.

బారువ దాటాక, సరుగుడు తోపుకి అవతల,
వలల షెడ్డు పక్కన ఒక గొట్టం,
నాలుగు వైపులా లాగి కట్టిన తీగలు,
నెత్తిన మూడు పనసచెక్క రెక్కలు.
రెండు లారీ బ్యాటరీలు నింపే చిన్న గాలిమర.

మొదటి ఏడు దాని తోకని
కదలకుండా బిగించాను.
వైశాఖంలో ఒక సాయంత్రం గాలి లేచింది.
గాలి రెండింతలైతే దాని బలం ఎనిమిదింతలని
చదివిన లెక్కే,
వినడం అదే మొదలు.
రాగిచుట్ట మాడిన కంపు,
జీడితోటలో మట్టలోకి దిగబడిన రెక్క.

మడ్డు తవుడయ్య వల కుడుతూ తలెత్తలేదు.
"గాలితోటి మొకానికి మొకం పెట్టి
ఎవులు నిలబడతారు బావూ?
తెరసాప దించీసినోడే
మళ్లీ తెరసాప ఎత్తినాడు."

అందుకని ఈసారి
రెక్కల ఇరుసుని స్తంభానికి బెత్తెడు పక్కకి జరిపాను,
తోకని వాలు కీలు మీద వేలాడదీశాను.
గాలి మితిమీరితే మొహం పక్కకి తిరుగుతుంది,
తోక ఆ వాలు మీదికి ఎగబాకి మడుచుకుంటుంది,
గాలి తగ్గితే తన బరువుకి తానే జారి
మొహాన్ని మళ్లీ గాలికి చూపిస్తుంది.
స్ప్రింగు లేదు, మోటారు లేదు.
వాలు ఎంతుండాలో ఎవరూ చెప్పలేదు,
మూడుసార్లు కోసి మూడుసార్లు అతికాను.

కళింగపట్నంలో పదో నంబరు ఎగరేసిన రోజు
గొట్టాన్ని పడుకోబెడదామని ఏడుగురం తాడు పట్టాం.
ఉప్పుగాలికి అడుగు కీలు తుప్పు పట్టి
కదల్లేదు.
మూడు తీగలూ కలిపి బ్రేకు వేద్దామంటే
అప్పటికే వేగం హెచ్చింది, కలిపితే చుట్ట కాలుతుంది.
"ఒగ్గీ," అన్నాడు తవుడయ్య.
ఒగ్గేసి షెల్టరుకి పరిగెత్తాం.

ట్రాన్స్‌ఫార్మర్ పేలిన నీలివెలుగులో
కిటికీ సందులోంచి ఒక్కసారే కనబడింది:
వానకి వీపు తిప్పిన గేదెలా
అంచు మాత్రం గాలికిచ్చి, తోక ఎత్తుకుని.
తర్వాత అంతా చెవులతోనే చూశాను.
గుంయ్ మనడం, సన్నబడడం,
మళ్లీ గుంయ్ మనడం.
నిద్దట్లో తల అటూ ఇటూ వేసే పిల్లలా.
నడిరాత్రి తుపాను కన్ను మా మీదుగా పోయింది.
చంటిపిల్లలు కూడా ఏడవని నిశ్శబ్దం.
ఆ తర్వాత పడమటి నుంచి మొదలైంది రెండో గాలి.
అది గొట్టం మీద గుండ్రంగా తిరిగి
మళ్లీ అదే పని చేసింది.

తెల్లారింది.
సిమెంటు కరెంటు స్తంభాలు నడుములు విరిగి ఉన్నాయి.
గాలిమర నిలబడే ఉంది, రెండు రెక్కలతో.
మూడోదాన్ని గాలి విరవలేదు,
ఎక్కడిదో కోళ్లఫారం రేకు వచ్చి విరిచింది.
తవుడయ్య నవ్వాడో దగ్గాడో తెలీలేదు.

అతని పెరట్లో పనసచెట్టు పడిపోయింది.
వేళ్లున్నదానికి పక్కకి తిరిగే వీలేదీ?
కాయలు ఇంకా దానికే ఉన్నాయి.
చాలాసేపు దాని మీద కూర్చుని, లేచి,
"కోసుకో," అన్నాడు.

పచ్చిచెక్క. ఎండేదాకా ఆగాలి.
ఊరంతా చీకట్లో ఉంటే ఎక్కడ ఆగుతాం?
బాడిసెతో చెక్కి బిగిస్తే కొత్త రెక్క బరువు,
పంకా మొత్తం ఒక పక్కకి లాగేసింది.
తవుడయ్య వల అంచు విప్పి
సీసపు గుళ్లు దోసిట్లో పోశాడు.
పాత రెక్కలు రెంటికీ సమంగా కట్టాను.
తొమ్మిదో రోజు బ్యాటరీ బుసబుసమంది.
ఫోన్లు పట్టుకుని జనం తోపుదాకా వరస కట్టారు.

ఇప్పుడు అడుగు కీలుకి గ్రీజు పూశాను.
పచ్చిరెక్క ఎండుతూ తేలికవుతోంది.
వారానికోసారి గొట్టాన్ని దించి
రెక్కకొక గుండు విప్పి
తవుడయ్య వలకి తిరిగి ఇచ్చేస్తున్నాను.

ఇంకా రెండేసి ఉన్నాయి.